దుఃఖం వేరు, దిగులు జబ్బు వేరు – వెయ్యేళ్ళ నాడే చెప్పిన మన హకీములు

మనిషి ఉన్నచోటల్లా దుఃఖం ఉన్నది. పోయినవారి కోసం ఏడ్వని ఇల్లు లేదు. వ్యాపారంలో దెబ్బతిన్న అన్న, కూతురికి సంబంధం కుదరక కుమిలిపోయే తండ్రి, పరీక్ష తప్పి మూల కూర్చున్న పిల్లవాడు – వీరందరూ మనకు తెలిసినవారే. నాలుగు రోజులు బాధపడతారు, నలుగురూ ఓదారుస్తారు, మెల్లగా తేరుకుంటారు. కాని ఈ కోవలో చేర్చరానిది మరొకటి ఉన్నది. ఏ నష్టమూ జరగకపోయినా, లేక జరిగిన నష్టం పాతబడిపోయినా, మనిషి మంచం దిగడు. అన్నం సహించదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి కప్పు వంక చూస్తూ పడి ఉంటాడు. కన్నబిడ్డ వచ్చి ఒళ్ళో కూర్చున్నా ముఖాన నవ్వు రాదు. మొదటిది దుఃఖం. రెండవది జబ్బు. దీన్నే నేటి డాక్టర్లు డిప్రెషన్ అంటున్నారు. పైకి రెండూ ఒకే మాదిరిగా కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఇటువంటి మనిషి ఇంట్లో ఉంటే మనం ఏమంటామో ఒకసారి గుర్తు చేసుకుందాం. "ఈమాన్ తగ్గింది, నమాజు సరిగా చదివితే అన్నీ పోతాయి" అంటారు ఒకరు. "నజర్ తగిలింది, తావీజు కట్టించండి" అంటారు ఇంకొకరు. "పనీపాటా లేక ఇదంతా" అని తీసిపారేసేవారు మరికొందరు. దీనికి వ్యతిరేకమైన ధోరణి కూడా ఈ మధ్య బయలుదేరింది. క్రికెట్ మ్యాచ్ ఓడిపోయినా, సెల్‌ఫోన్ పగిలినా కుర్రకారు "డిప్రెషన్‌లో ఉన్నాను" అనేస్తున్నారు. జబ్బును దుఃఖమనుకుంటే మనిషికి మందు అందకుండా పోతుంది. దుఃఖాన్ని జబ్బనుకుంటే మనిషికి కావలసిన తోడు పోయి మాత్ర మిగులుతుంది. రెండూ నష్టమే.

మనస్సుకు జబ్బు చేయడమన్నది పాశ్చాత్యులు తెచ్చిపెట్టిన మాట అనీ, మన పెద్దలకు అదేమీ తెలియదనీ కొందరి అభిప్రాయం. చరిత్ర చూస్తే విషయం వేరుగా ఉన్నది. ఆ చరిత్రను సభ్యుల ముందు, ముఖ్యంగా మన ఇళ్ళలోని తల్లుల ముందు ఉంచాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కన్నీరు నేరం కాదు

ముందుగా ఒక అపోహ తొలగాలి. దుఃఖపడటం విశ్వాస లోపం కాదు. ప్రవక్త (స) గారి సతీమణి హజ్రత్ ఖదీజా, పినతండ్రిలా కాక తండ్రిలా కాపాడిన అబూ తాలిబ్ ఒకే ఏడాదిలో, అనగా సుమారు 619లో, కన్నుమూశారు. ఆ సంవత్సరానికి చరిత్రలో 'ఆముల్ హుజ్న్', దుఃఖ సంవత్సరమనే పేరు నిలిచిపోయింది. పసివాడైన కుమారుడు ఇబ్రాహీం చనిపోయినప్పుడు ప్రవక్త (స) కన్నీరు పెట్టారు. చుట్టూ ఉన్నవారు ఆశ్చర్యపడితే, అది కారుణ్యమేనని చెప్పారు. యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి యాఖూబ్ ప్రవక్త చూపే కోల్పోయిన సంగతి మనకు చిన్ననాటి నుంచీ తెలిసినదే. ఆయనకు విశ్వాసం తక్కువని ఎవరమైనా అనగలమా?

అంతేకాదు, శోకానికి ఒక సమయం కూడా కేటాయించబడింది. భర్త పోయిన స్త్రీకి ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. ఇతర బంధువుల కోసం పాటించే సంతాపం మూడు రోజులు. మన ప్రాంతంలో జియారత్ అనీ చెహలం అనీ బంధువులు కూడటం వెనుక ఉన్నదీ ఇదే – దుఃఖంలో ఉన్నవారిని ఒంటరిగా వదలరాదన్న ఇంగితం. దుఃఖానికి తోడే మందు అని మన పెద్దలకు తెలుసు. తోడుతో తీరని దుఃఖం సంగతేమిటన్నదే ప్రశ్న. ఈ ప్రశ్న వెయ్యేళ్ళకు పైగా క్రితమే కొందరు పండితులకు వచ్చింది.

బల్ఖ్ పండితుడు

తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరం విద్యకు పుట్టినిల్లు. హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ వంటి అనువాదకులు గ్రీకు వైద్య గ్రంథాలను అరబ్బీలోకి తెస్తున్న రోజులవి. ఒంట్లో నల్లని పిత్తం, అంటే మన హకీములు 'సౌదా' అనేది, ఎక్కువైతే మనిషి దిగులులో మునిగిపోతాడన్నది గ్రీకుల సిద్ధాంతం. వారి మాట 'మెలంకోలియా' అరబ్బీలో 'మాలీఖోలియా' అయింది. యూనానీ హకీముల నోట ఆ మాట నేటికీ వినవచ్చు. అదే కాలంలో తత్వవేత్త అల్ కిందీ దుఃఖాన్ని పోగొట్టుకునే ఉపాయం మీద ప్రత్యేకంగా ఒక లేఖ రాశాడు. ప్రేమించినది పోయినందువల్లనో, కోరినది దక్కనందువల్లనో దుఃఖం కలుగుతుందని ఆయన నిర్వచనం.

ఈ కిందీ వద్ద చదువుకున్నవాడే అబూ జైద్ అల్ బల్ఖీ. నేటి అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్ దగ్గర ఒక పల్లెలో 850 ప్రాంతంలో పుట్టాడు. తండ్రి బడిపంతులు. చదువు మీది మోజుతో ఇరాక్ వెళ్ళి, ఎనిమిదేళ్ళు ఉండి, తిరిగి స్వస్థలం చేరుకుని 934లో కన్నుమూశాడు. చరిత్ర పుస్తకాలలో ఆయన పేరు ఎక్కువగా భూగోళ శాస్త్రంలో కనిపిస్తుంది. పటాలు గీయడంలో ఆయన వేసిన బాటలోనే ఇస్తఖ్రీ, ఇబ్న్ హౌఖల్ నడిచారు. ఒక చిన్న ముచ్చట. వసంతకాలంలో గులాబీలు వాసన చూస్తే బల్ఖీకి ఎందుకు జలుబు చేస్తుందో వివరిస్తూ మహావైద్యుడు అల్ రాజీ ఒక వ్యాసమే రాశాడు. ఈనాడు మనం అలర్జీ అంటున్నదానిపై రాసిన తొలి రచనలలో అదొకటి.

అయితే మనకు కావలసిన బల్ఖీ పుస్తకం 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్'. శరీరాల, ఆత్మల క్షేమం అని అర్థం. అందులో మొదటి భాగం ఒంటి ఆరోగ్యం గురించి, రెండవ భాగం మనస్సు ఆరోగ్యం గురించి. ఈ రెండవ భాగంలో ఎనిమిది అధ్యాయాలు. కోపానికి ఒకటి, భయానికి ఒకటి, దుఃఖానికి ఒకటి, వస్‌వాస్‌కు, అంటే మనస్సులో గుసగుసలాడుతూ పీడించే ఆలోచనలకు ఒకటి. ఒంటి జబ్బులు ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి గాని, మనస్సుకు తగిలే దెబ్బల నుంచి ఏ మనిషీ తప్పించుకోలేడని ఆయన వాదన. ఒంటికి, మనస్సుకు ఒకదానితో ఒకటి లంకె ఉన్నదనీ, వైద్యుడు రెంటినీ చూడవలెననీ నొక్కి చెప్పాడు.

ఒకే ఒక్క ప్రశ్న

దుఃఖం అధ్యాయంలో బల్ఖీ చేసిన పని చూడటానికి చిన్నది, ఫలితంలో చాలా పెద్దది. దుఃఖాన్ని ఆయన రెండుగా విభజించాడు. మొదటిది కారణం తెలిసిన దుఃఖం – ఆత్మీయులు పోవడం, ఆస్తి పోవడం, అపురూపమైనదేదో చేజారడం. రెండవది కారణం తెలియని దుఃఖం. అది ఉన్నట్టుండి వచ్చి పడుతుంది, ఎప్పుడూ వదలక ఉంటుంది. మనిషిని ఏ పనికీ కదలనివ్వదు, ఏ సుఖమూ రుచించనివ్వదు. ఎందుకిలా ఉన్నావని అడిగితే ఆ మనిషి దగ్గర జవాబుండదు.

ఈ రెండవ దానికి మూలం శరీరంలోనే, రక్తంలో వచ్చిన మార్పులోనే ఉన్నదని ఆయన నమ్మాడు. కనుక దానికి వైద్యం శరీరం వైపు నుంచే మొదలుపెట్టాలనీ, దానితోపాటు ఇంపైన మాటలతో మనస్సును తేలికపరచాలనీ చెప్పాడు. మొదటి రకానికి రెండు మార్గాలు చూపాడు. ఒకటి బయటి నుంచి వచ్చేది – ఇతరుల ఓదార్పు, మంచిమాట. రెండవది లోపలి నుంచి వచ్చేది – మనిషి తన ఆలోచనలను తానే సరిదిద్దుకోవడం. ఇంట్లో ముందు జాగ్రత్తగా మందుల పెట్టె ఉంచుకున్నట్టే, మనస్సు నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే మంచి ఆలోచనలను కూడబెట్టి ఉంచుకోవాలన్నది ఆయన సలహా. ఆలోచనను మార్చి బాధను తగ్గించే మానసిక చికిత్స ఇరవయ్యవ శతాబ్దంలో ప్రసిద్ధికి వచ్చింది. దానికి దగ్గరి మాట ఇది.

ఇక్కడ పాఠకులు గమనించవలసినది ఒకటున్నది. కారణంలేని దిగులుతో ఉన్నవాణ్ణి బల్ఖీ "నీ విశ్వాసం ఏమైంది" అని నిలదీయమనలేదు. వైద్యం చేయమన్నాడు. దీన్ తెలిసిన పండితుడే ఇలా అన్నాడు.

ఈ పుస్తకం చాలాకాలం మరుగునపడి ఉన్నది. దాని రాతప్రతి ఇస్తాంబుల్‌లోని అయాసోఫియా సంగ్రహంలో భద్రంగా ఉండటం వల్ల 1984లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి యథాతథ ప్రతి వెలువడింది. మనస్సుకు సంబంధించిన భాగాన్ని సూడాన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మాలిక్ బద్రీ 2013లో ఇంగ్లీషులోకి తెచ్చాడు.

ఆసుపత్రులు, వక్ఫులు

బల్ఖీ ఒంటరివాడు కాడు. ఆయన కాలంలోనే బాగ్దాదు నుంచి ట్యునీషియాలోని కైరవాన్‌కు వెళ్ళిన ఇస్‌హాఖ్ ఇబ్న్ ఇమ్రాన్ మాలీఖోలియా మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి, తిరిగి సంపాదించలేని పుస్తకాలను పోగొట్టుకున్న పండితుడు ఈ జబ్బు పాలు కావచ్చునని అందులో చెప్పాడు. అంటే కారణమున్న దుఃఖం కూడా ముదిరి జబ్బు కాగలదని అర్థం. పదకొండవ శతాబ్దంలో కాన్‌స్టంటైన్ అనే ఆఫ్రికన్ పండితుడు దీన్ని లాటిన్‌లోకి మార్చగా యూరప్ వైద్యులు చదువుకున్నారు. అల్ రాజీ తన 'తిబ్బె రూహానీ'లో దుఃఖానికి ఒక అధ్యాయం ఇచ్చాడు. ఇబ్న్ సీనా (980–1037) తన 'ఖానూన్'లో మాలీఖోలియాను తలకు సంబంధించిన వ్యాధులలో చేర్చి వివరించాడు.

పుస్తకాలతోనే ఆగలేదు. నూరుద్దీన్ జంగీ 1154లో డమాస్కస్‌లోనూ, సుల్తాన్ ఖలావూన్ 1284లో కైరోలోనూ కట్టించిన బీమారిస్తాన్‌లలో, అనగా ఆసుపత్రులలో, మనోరోగులకు కూడా చోటున్నది. వాటి ఖర్చు వక్ఫు ఆదాయం నుంచి నడిచేది. టర్కీలోని ఎదిర్నెలో 1488లో పూర్తయిన సుల్తాన్ బాయజీద్ ఆసుపత్రిలో నీటి గలగలలు, సంగీతం కూడా చికిత్సలో భాగంగా ఉండేవని పదిహేడవ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ వర్ణించాడు. మనోరోగులను చిత్రహింసలు పెట్టే ఆచారం అనేక దేశాలలో ఉన్న కాలంలో ఇది జరిగింది. అయితే బీమారిస్తాన్‌లలో కూడా ఉద్రేకించిన రోగులను గొలుసులతో కట్టడం ఉండేదని చెప్పకపోతే చరిత్రకు అన్యాయం చేసినవారమవుతాము.

ఈ విజ్ఞానానికీ మన హైదరాబాదుకూ సంబంధం లేకపోలేదు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1595 ప్రాంతంలో కట్టించిన దారుష్షిఫా యూనానీ ఆసుపత్రి. పాతబస్తీలో ఆ పేట పేరు నేటికీ అదే. 1888లో హైదరాబాదులో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ పాత అరబ్బీ రాతప్రతులను వెతికి అచ్చువేయడంలో ప్రపంచ ఖ్యాతి గడించింది. అల్ రాజీ మహాగ్రంథం 'అల్ హావీ' అరబ్బీ మూలం 1955 నుంచి ఇరవైకి పైగా సంపుటాలుగా అచ్చయినది ఇక్కడే. ఆ విజ్ఞానాన్ని కాపాడిన ఊరిలోనే దిగులు జబ్బును నజర్ అని తోసివేయడం విచారకరం కాదా?

నాటి నుంచి నేటికి

నల్లపిత్తం, రక్తదోషం అన్న సిద్ధాంతాలు ఈనాడు నిలబడలేదు. బల్ఖీ కారణం విషయంలో పొరపడ్డాడు, విభజన విషయంలో పొరపడలేదు. మెదడు పనితీరు, వంశపారంపర్యం, బాల్యంలో తగిలిన దెబ్బలు, కాన్పు తర్వాత వచ్చే మార్పులు, దీర్ఘకాలపు జబ్బులు – ఇవన్నీ కలిసి డిప్రెషన్‌కు దారితీస్తాయని నేటి వైద్యం చెబుతున్నది. థైరాయిడ్ తక్కువైనా మనిషి అచ్చం ఇలాగే మందగించిపోతాడు. అందుకే డాక్టరు రక్తపరీక్ష రాయడం.

మందుల కథ విచిత్రమైనది. 1952లో అమెరికాలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే మందు ఇస్తే వారి దిగులు తగ్గి హుషారు పెరిగింది. స్విట్జర్లాండ్ వైద్యుడు రోలాండ్ కూన్ 1957లో ఇమిప్రమీన్ గుణాన్ని ప్రకటించాడు. డిప్రెషన్‌కు నేడున్న మందులన్నీ వాటి తర్వాత వచ్చినవే.

1980లో అమెరికన్ మనోవైద్యులు తమ రోగనిర్ణయ గ్రంథాన్ని మార్చి రాసినప్పుడు, కారణం ఉన్నదా లేదా అన్న ప్రశ్నను పక్కనబెట్టి, లక్షణాలేమిటి, ఎన్నాళ్ళుగా ఉన్నాయి అన్న ప్రశ్నలను ముందుకు తెచ్చారు. రెండు వారాలన్న గడువు అప్పటిదే. అయితే ఆత్మీయులు పోయిన కొత్తలో దుఃఖించేవారిని రోగులుగా లెక్కించరాదని మినహాయింపు పెట్టారు. 2013లో ఆ మినహాయింపును తీసివేస్తే పెద్ద దుమారమే రేగింది. మామూలు శోకాన్ని జబ్బు చేస్తున్నారని కొందరు, శోకంలో దాగిన జబ్బును వదిలివేయరాదని కొందరు వాదించారు. 2022లో, ఏడాది దాటినా ఏమాత్రం తగ్గని తీవ్రశోకానికి వేరే పేరు పెట్టారు. బల్ఖీ వేసిన ప్రశ్న మీద వెయ్యేళ్ళ తర్వాత కూడా చర్చ నడుస్తూనే ఉన్నదన్నమాట.

ఎలా గుర్తించాలి?

డాక్టరు చెప్పవలసిన మాట మేము చెప్పలేము. కాని ఇంటివారు గమనించగలిగిన తేడాలు కొన్ని ఉన్నవి.

దుఃఖం అలలాగా వస్తుంది, పోతుంది. పోయినవారి వస్తువు కంటబడితే ఏడుపు ముంచుకొస్తుంది, మనవడి అల్లరి చూస్తే ఆ కన్నీళ్ళలోనే నవ్వూ వస్తుంది. దిగులు జబ్బులో ఆ తెరపి ఉండదు. దాదాపు రోజంతా, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు మించి ఒకటే మబ్బు. ఇంతకుముందు ఇష్టపడిన వంట, పని, స్నేహం, ఏదీ పట్టదు.

దుఃఖంలో మనిషి "వారు లేరే" అని ఏడుస్తాడు. జబ్బులో "నేను పనికిరానివాణ్ణి, అందరికీ బరువయ్యాను" అని తనను తానే తిట్టుకుంటాడు. ఈ తేడా చాలా ముఖ్యం.

నిద్ర పట్టకపోవడం లేదా అతిగా పట్టడం, ఆకలి చావడం లేదా మితిమీరడం, కదలిక, మాట మందగించడం, ఏకాగ్రత తప్పడం, ఎంత పడుకున్నా తీరని అలసట – ఇవి పోగవుతూ వచ్చి ఇంటి పని, బజారు పని సాగకపోతే డాక్టరుకు చూపించాలి. మన ఆడవారు, పెద్దవారు చాలాసార్లు దిగులని చెప్పరు. తలనొప్పి అంటారు, గుండెదడ అంటారు, ఒళ్ళంతా గుంజుతున్నదంటారు. పరీక్షలన్నీ బాగానే ఉన్నా బాధ పోకపోతే మనస్సు సంగతి కూడా అడగవలెను.

ఇక చావు మాట నోట వస్తే రెండు వారాలు ఆగే పని లేదు. ఆ పూటే కదలాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. అటువంటి ఆలోచన వస్తున్నదా అని మెల్లగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. పైగా లోపల ఉన్నది బయటికి వచ్చి బరువు తగ్గుతుంది.

మన కర్తవ్యం

ఎక్కడికి వెళ్ళాలో తెలియదనే రోజులు పోయాయి. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నవి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా, మన భాషలోనే మాట్లాడతారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించి, శిక్షకు బదులు సంరక్షణ ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. మానసిక వ్యాధికి కూడా ఒంటి జబ్బుతో సమానంగా బీమా వర్తించాలని ఆ చట్టమే నిర్దేశించింది.

"పెళ్ళి కావలసిన పిల్ల ఉన్నది, నలుగురికీ తెలిస్తే ఎలా?" అన్న భయం మన ఇళ్ళలో చాలా పెద్దది. షుగరు, బీపీ ఉన్నవని దాచుకోకుండా చెప్పుకునే మనం దీన్ని మాత్రం తలుపులు మూసి దాస్తున్నాము. ఆ మూసిన తలుపుల వెనుక జబ్బు ముదురుతున్నది. ఈ భయాన్ని ఒక కుటుంబం తీర్చుకోలేదు. సంఘమే తీర్చాలి.

మన సంఘం పేద విద్యార్థులకు ఫీజులు కడుతున్నట్టే, ఆసుపత్రికి వెళ్ళలేని దిగులు రోగికి బస్సు ఖర్చు, మందుల ఖర్చు భరించవచ్చు. ఏడాదికొకసారైనా ఒక మనోవైద్యుణ్ణి పిలిపించి, స్త్రీలకు వేరుగా కూర్చునే ఏర్పాటుతో ఉపన్యాసం పెట్టించవచ్చు. ఇమామ్ సాహెబులు జుమా నాడు ఒక్క మాట చెబితే నూరు ఇళ్ళలో వినిపిస్తుంది. దుఆ, నమాజు మనస్సుకు బలమిస్తాయనడంలో సందేహం లేదు. జ్వరం వస్తే దుఆ చేస్తూనే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం కదా, దీనికీ అంతే.

చెహలం అయ్యాక కూడా మంచం దిగని ఆడపడుచు మన వీధిలోనే ఉండవచ్చు. ఆమెను "సబర్ చెయ్యమ్మా" అని వదిలేసి రాకుండా, "అన్నం తింటున్నావా? నిద్ర పడుతున్నదా?" అని అడుగుదాం. పడటం లేదంటే, రేపు పొద్దున ఆసుపత్రికి తోడుగా వెళదాం.